చిలక లేదా తత్సమానం

ఇంత గొడవకీ మూలం ఒక సన్మానపత్రం.

జిల్లా కేంద్రంలో ఒకానొక పెద్దమనిషికి సన్మానం తలపెట్టారు. పత్రం మీద ఆయన ఫొటో వేసి ఇద్దామని, రెండు నెలలుగా గుడ్డ కప్పి మూల కూర్చోబెట్టిన ఇంక్‌జెట్ ప్రింటరును లేపారు. ప్రింటరు లేచింది గాని అందులో నీలం లేవలేదు. పెద్దమనిషి పచ్చకామెర్లు కమ్మినవాడిలా, నుదుటి నుంచి గడ్డం దాకా తెల్లచారలతో బయటికొచ్చాడు. వేళ మించిపోతోందని అదే ఫ్రేములో బిగించి చేతికిచ్చారు. ఆయన చూసుకున్నాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మర్నాటికి విచారణ సంఘం ఏర్పడింది.

సంఘం మొదట ఒక మెకానిక్కుని పిలిపించింది. అమలాపురంలో కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేసుకుని బతికే మనిషి. ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

"ఏం లేదండి. లోపల హెడ్డుకి వెంట్రుక కన్నా సన్నం కన్నాలుంటాయండి. వాడకపోతే సిరా ఎండి పూడుకుపోతాయి. వారానికో రంగుల కాయితం తియ్యండి. ఆపేటప్పుడు గోడ దగ్గర స్విచ్చి కట్టెయ్యకుండా మిషను బటనే నొక్కండి. అప్పుడు హెడ్డు తన మూతలోకి తనే వెళ్ళి కూర్చుంటుంది. అంతేనండి" అని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అంత తేలిగ్గా అర్థమయ్యే మాటని సంఘం అలాగే వదిలేస్తుందా! పదకొండుసార్లు సమావేశమైంది. హెడ్డుకి 'ముద్రణ శిరస్సు' అనీ, కన్నాలకి 'సిరాస్రావ సూక్ష్మరంధ్రములు' అనీ నామకరణం చేసింది. నలభై ఆరు పేజీల ఉత్తర్వు, దానికి ఆరు అనుబంధాలు వెలువడ్డాయి. అమలు చూసుకోడానికి జిల్లాకో ముద్రణ శిరోరక్షణ ప్రత్యేకాధికారి పదవి పుట్టింది. మన జిల్లాకి ఆ పదవిలో దండిభొట్ల వైకుంఠరావు గారు వేంచేశారు. అంతకు ముందు ఆయన ఏ శాఖలో ఉన్నారో ఎవరికీ గుర్తులేదు. ఆ శాఖ ఇప్పుడు లేదు.

ఇక మన అన్నవరం సంగతి. పిండిప్రోలు అన్నవరం కొత్తలంక మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. కార్యాలయం కప్పు కారుతోందని పైవాళ్ళకి రాస్తే, కప్పు బాగుచేయించే బదులు 'ఇంటి ముంగిట ధ్రువపత్రం' అని ఒక పథకం పెట్టి, ప్రింటర్లని ఉద్యోగుల ఇళ్ళకి చేర్చేశారు. జనం ఆఫీసులో అర్జీ పెట్టుకుంటారు. విచారణ అవుతుంది. తహసీల్దారు గారు మంజూరు చేస్తారు. అన్నవరం తన ఇంటి ముందుగదిలో సర్టిఫికెట్టు ప్రింటు తీసి, తహసీల్దారు గారి చేత సంతకం చేయించి, మనిషి చేతిలో పెడతాడు. ఏడాదిపాటు దివ్యంగా నడిచింది. రోజుకి అయిదారు సర్టిఫికెట్లు పడేవి గనక ఆ ప్రింటరుకి ఎండిపోయే తీరికే ఉండేది కాదు. ఒక్కనాడూ మొరాయించి ఎరగదు.

అటువంటి ఇంటికి శిరోరక్షణ ఉత్తర్వు వచ్చి పడింది.

ఉత్తర్వు రాజధానిలో బయల్దేరినప్పుడు 'వారమునకు ఒక పరీక్షా పుట' అనే ఉంది. జిల్లాకి చేరేసరికి, ఎందుకైనా మంచిదని రోజుకొకటి అయింది. డివిజన్లో, రేపు తమ మీదికి మాట రాకుండా రోజుకి రెండు చేశారు. అదే జాగ్రత్త ఇంకో మెట్టు దిగి కొత్తలంక చేరేసరికి ఉదయం ఎనిమిదికి ఒకటి, పదకొండుకి ఒకటి, రెండింటికి ఒకటి, అయిదుకి ఒకటి అయి కూర్చుంది. ఇంకా కింద ఎవరూ లేరు కాబట్టి అక్కడితో ఆగింది.

పరీక్షా పుట మీద ఏముండాలో నాలుగో అనుబంధం చెబుతుంది. చిలక. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర ముక్కు, నల్లకన్ను చుట్టూ పసుపు వలయం, వెనకాల నీలాకాశం. అన్ని రంగులూ అందులో ఉన్నాయి కాబట్టి ఏ కన్నం పూడినా ఇట్టే తెలిసిపోతుంది. తీసిన ప్రతిసారీ మూడు ప్రతులు. ఒకటి జిల్లాకి, ఒకటి మండలానికి, ఒకటి 'యంత్రము నివసించు గృహము'లో దాచడానికి. మూడింటి మీదా తహసీల్దారు సంతకం, ముద్ర. వెరసి రోజుకి పన్నెండు చిలకలు.

మొదటి వారం అన్నవరం భార్య మంగతాయారుకి చిలకలు ముచ్చటగానే ఉన్నాయి. ఒకటి తీసి బియ్యం డబ్బాకి అంటించింది. అది ప్రభుత్వ దస్త్రమే బాబూ అని అన్నవరం వేడినీళ్ళు పెట్టి ఊడదీసి, ఆరబెట్టి, ఫైల్లో పెట్టుకున్నాడు. రెండోవారం 'పరిసర నియమావళి' దిగింది. ముద్రణ శిరస్సుకి ధూళి పడదు గనక ఇల్లు చీపురుతో ఊడవరాదు, తడిగుడ్డతో ఒత్తవలెను. నూనె ఆవిరి పడదు గనక ఇంట్లో తిరగమోత పెట్టరాదు. వేడి పడదు గనక కూలరు ఉన్న ఇళ్ళలో దానిని యంత్రమునకు అభిముఖముగా నిలపవలెను.

ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కూలరు. అది పడగ్గదిలోంచి ముందుగదికి నడిచింది.

"నాకు తెలీక అడుగుతాను, మీరు తాళి కట్టింది నాకా, ఆ మిషనుకా?" అంది మంగతాయారు, తిరగమోత లేని పప్పు విసురుగా వడ్డిస్తూ.

"నీకేలే. కాకపోతే నీ మీద తనిఖీ లేదు కదా" అన్నాడు అన్నవరం.

"ఉంటే బావుణ్ణు. ఏ మహానుభావుడైనా వచ్చి చూసేవాడు, ఈ ఎండల్లో నేనెలా వేగిపోతున్నానో!"

అన్నవరం పప్పు కలుపుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన కాగితం చూస్తే చాలు కాళ్ళు వణికే రకం, అంతే.

నాలుగోవారం సోమవారం పొద్దున్నే గూడపాటి నూకరత్నం వచ్చింది. ఊరి చివర పీచుమిల్లులో పని చేస్తుంది. చీర కుచ్చిళ్ళ నిండా కొబ్బరిపీచు అంటుకుని ఉంటుంది. మొగుడు లేడు, ఒక్కర్తే కూతురు, పేరు ప్రసన్న. ప్రసన్నకి నర్సింగులో ర్యాంకు వచ్చింది. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల కాకినాడ కౌన్సెలింగులో కాగితాలన్నీ చూపించాలి. అన్నీ ఉన్నాయి, నివాస ధ్రువపత్రం తప్ప. అదీ శనివారమే మంజూరైంది. ప్రింటు తీయడమే తరువాయి.

"బాబుగారూ, మా అమ్మాయి కాయితం తీసిత్తే ఎల్లిపోతానండి. మిల్లు కాడ అరపూటే సెలవిచ్చారండి" అంది.

"ఎంతలో పనమ్మా, కూర్చో" అని అన్నవరం ప్రింటరు దగ్గరికి వెళ్ళబోతుండగా ఫోను మోగి ఒక ఉత్తర్వు వచ్చింది.

విషయం ఏమిటంటే, చిలకలు సిరా తాగేశాయి. జిల్లాలో ఉన్న అరవై రెండు ప్రింటర్లూ మూడు నెలల కోటాని మూడువారాల్లో ఆకాశాలకీ రెక్కలకీ పోసేశాయి. ఇండెంట్లు వెల్లువెత్తాయి. వైకుంఠరావు గారు పరిస్థితిని సమీక్షించి ఇలా సెలవిచ్చారు: 'సిరా కొరత తీవ్రముగా ఉన్నందున, మిగిలిన సిరాను పూర్తిగా శిరోరక్షణకే ప్రత్యేకించడమైనది. ఇతరేతర ముద్రణలు తదుపరి ఉత్తర్వుల వరకు నిషిద్ధము.' ఇతరేతర ముద్రణలంటే ఏమిటో కింద వివరణ కూడా ఉంది. నివాసం, కులం, ఆదాయం, జననం, మరణం.

అన్నవరం ఆ ముక్క రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నాడు. నూకరత్నం ఆయన మొహంలోకే చూస్తోంది.

"రేపు రా అమ్మా" అన్నాడు. అని సిగ్గుపడ్డాడు.

గోడ గడియారం ఎనిమిది కొట్టింది. అన్నవరం బటను నొక్కాడు. ప్రింటరు గుర్రుగుర్రుమని కదిలి, ఆవిడ కళ్ళెదుటే మూడు చిలకల్ని కక్కింది.

మంగళవారం ధైర్యం చేసి వైకుంఠరావు గారికి ఫోను చేశాడు.

"సార్, నివాస ధ్రువపత్రం ఒకటి అర్జెంటండి. ఒక్క పేజీ. ఆ పిల్ల సీటు పోతుందండి."

"శిరస్సు పరిస్థితి ఎలా ఉంది?" అన్నారు ఆయన.

"ఎవరిదండీ?"

"యంత్రానిది."

"బ్రహ్మాండంగా ఉందండి. అందుకే ఒక్క పేజీ తీసుకుందామని..."

"చూడండి అన్నవరం గారూ. ప్రజలకు యంత్రముల యెడల ఒక అపోహ కలదు. అవి పనిచేయుటకు ఉన్నవని. యంత్రము యొక్క ప్రథమ ధర్మము పనిచేయు స్థితిలో ఉండుట. పనిచేయుట ద్వితీయము. ప్రథమ ధర్మమునకే సిరా చాలనప్పుడు ద్వితీయమునకు ఎక్కడ తెచ్చెదము?"

"అది నిజమేననుకోండి. కానీ సర్టిఫికెట్టు తీసినా ఆ కన్నాల్లోంచే కదండీ సిరా వచ్చేది? కన్నం శుభ్రపడ్డానికి చిలకయితేనేం, సర్టిఫికెట్టయితేనేం?"

"అది వినియోగము, ఇది సంరక్షణ. ఫైళ్ళు వేరు" అని ఆయన ఫోను పెట్టేశారు.

చాటుగా ఒక పేజీ తీసేద్దామా అంటే అదీ కుదరదు. ప్రింటరు ఎన్ని పుటలు వేసిందో లోపల తనే లెక్క పెట్టుకుంటుంది. ఆ అంకె రోజూ సాయంత్రం జిల్లాకి పంపాలి. చిలకలెన్నో అంకె అంత ఉండాలి. బుధవారం నూకరత్నం వచ్చి, "పోనీ సంతలో జెరాక్సు కొట్టు కాడ తీయించుకోమంటారా అండి?" అంది. బయట తీసినది చెల్లదు. "పోనీ తమరు సేత్తో రాసిత్తే?" చేత్తో రాసినది అసలే చెల్లదు. ఆవిడ అడిగిన ప్రతిదానికీ అన్నవరం దగ్గర ఒక నిబంధన ఉంది. సిరా ఒక్కటే లేదు. నిజానికి అదీ అబద్ధమే, సిరా ఉంది. ఇంకా వందా నూటేభై చిలకలకి సరిపడా ఉంది.

గురువారం ఆవిడ ఏమీ అడగలేదు. వచ్చి అరుగు మీద కూర్చుంది. మంగతాయారు మజ్జిగ ఇస్తే పుచ్చుకుని, తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది. అన్నవరం లోపల పదకొండు గంటల చిలకల్ని తీసి అరుగు మీదికొచ్చాడు. ప్రింటరు చప్పుడు విన్నాక నూకరత్నం కళ్ళు తుడుచుకుంది.

"దాన్ని పీచులోకి పంపకూడదనేనండీ నా బాధ. పద్దెనిమిదేళ్ళు ఆ దుమ్ము మింగాను. దగ్గుతుంటే ఊపిరి అందదు. అది నర్సమ్మయితే సాలు. ఓ కాయితం కోసం పోతాదా అండి, అంత కట్టం?"

అన్నవరం లోపలికి వెళ్ళిపోయాడు. వెనకే మంగతాయారు వచ్చి తలుపు దగ్గరగా వేసి నిలబడింది.

"ఏమండీ, మీకు మనసనేది ఒకటుందా, అది కూడా పూడుకుపోయిందా?"

"నన్నేం చెయ్యమంటావే? ఇక్కడ చిలక తప్ప ఇంకోటి రాకూడదు!"

"రాకూడదని ఎవరన్నారు?"

"ఉత్తర్వు అంది."

"ఎక్కడంది? చదవండి, నేనూ వింటాను."

అన్నవరం రోషంగా ఉత్తర్వు తీశాడు. నిజం చెప్పొద్దూ, నాలుగో అనుబంధాన్ని ఆయనా అంతవరకు చదవలేదు. బొమ్మ చూసి ఊరుకున్నాడు. జిల్లాలో అందరూ చేసింది అదే. ఇప్పుడు వేలు పెట్టి పైకి చదివాడు. 'పరీక్షా పుటయందు చిలక లేదా తత్సమాన ముద్రణాంశము ఉండవలెను. అనగా నాలుగు వర్ణములు, సన్నని గీతలు, చిన్నవి పెద్దవి అగు అక్షరములు, వీలైనచో ఒక వలయాకారము.'

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బల్ల మీద పాత నివాస ధ్రువపత్రం నమూనా ఉంది. చుట్టూ ఆకుపచ్చ సన్నగీతల అంచు. పైన ఎర్ర అక్షరాలు. అడుగున పసుపు అలలు. మధ్యలో చిన్నా పెద్దా నల్ల అక్షరాలు. నెత్తిన నీలి వలయంలో రాజముద్ర.

"మీ చిలకకి అక్షరాలే లేవు. దీనికున్నాయి" అంది మంగతాయారు.

"అమ్మో, రేపు పదకొండింటికి వైకుంఠరావు గారే తనిఖీకి వస్తున్నారే! తహసీల్దారు గారూ వస్తారు. వాళ్ళ ముందు తియ్యాలి."

"మరీ మంచిది. సంతకం పెట్టే ఆవిడ ఇంటికే వస్తుంటే మీరు బస్సెక్కి వెళ్ళక్కర్లేదు."

అన్నవరం అరుగు మీదికి వెళ్ళి, "రేపు పదకొండింటికి రా అమ్మా. పిల్లని మిగతా కాగితాలతో బస్టాండులో ఉండమను" అన్నాడు. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

శుక్రవారం వైకుంఠరావు గారు పదిన్నరకే దిగారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, ముక్కుకి రుమాలు కట్టుకుని మరీ లోపలికొచ్చారు. కూలరు దిశ చూశారు. గచ్చు మీద వేలు రాసి ధూళి చూశారు. వంటింట్లోకి తల పెట్టి గట్టిగా వాసన పీల్చి, తిరగమోత జాడ లేదని రాసుకున్నారు. తహసీల్దారు ఎస్తేరురాణి గారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. ఆవిడ అటెండరు సంతకాల కట్టతో వెనకే నిలబడ్డాడు. నూకరత్నం అరుగు చివర స్తంభానికి ఒదిగి కూర్చుంది.

పదకొండు కొట్టింది. అన్నవరం బటను నొక్కాడు. కాగితం లోపలికి వెళ్ళి, ముందుకీ వెనక్కీ ఊగి, బయటికొచ్చింది. రావడమైతే వచ్చింది గాని సరిగ్గా ప్రసన్న పేరు మీదుగా ఒక తెల్లగీత. పొద్దున్న ఎనిమిదింటి మూడో చిలక అవుతుండగానే కరెంటు పోయి హెడ్డు మూతలోకి వెళ్ళకుండా నడిమధ్యలో ఆగిపోయినట్టుంది.

"అవరోధము!" అన్నారు వైకుంఠరావు గారు, భయమూ సంతోషమూ కలిసిన గొంతుతో. ఇన్ని వారాలుగా ఆయన ఎదురుచూస్తున్నది ఇదే. "తక్షణమే శిరఃప్రక్షాళనము జరపండి. అయిదు పర్యాయములు!"

"వద్దండీ. ఒక్కసారి చాలు" అన్నాడు అన్నవరం. పైఅధికారికి ఆయన ఎదురుచెప్పడం అదే మొదలు. "పదేపదే కడిగితే ఉన్న సిరా కాస్తా కడగడానికే పోతుందండీ. ఒక్కసారి కడిగి, పది నిమిషాలు ఆగి చూద్దాం. మెకానిక్కులు చెప్పే మాటండీ ఇది."

ఒక్కసారి కడిగారు. పది నిమిషాలు ఆగారు. కాకినాడ బస్సు పదకొండూ నలభైకి. అన్నవరం మళ్ళీ నొక్కాడు. ఈసారి అంచు అంచులా, అల అలలా, పేరు పేరులా వచ్చింది. ఒకటి, రెండు, మూడు.

వైకుంఠరావు గారు మొదటి ప్రతి అందుకుని కనుబొమలు ముడిచారు. "చిలక ఏది?"

"తత్సమానం సార్. నాలుగో అనుబంధం, మూడో పేరా."

వైకుంఠరావు గారు అన్నవరాన్ని ఎగాదిగా చూశారు. ఆయన పెదవి అదిరింది. "నాలుగో అనుబంధం... మీరు చదివారా?"

"చదివానండి."

"మూడో పేరా దాకానా?"

"ఆయ్."

"అది నేను రాశానండీ! 'తత్సమాన' అన్న మాట కోసం సంఘంలో రెండు రోజులు వాదించాను. జిల్లాలో అరవై రెండు యంత్రాలు, ఒక్కరు, ఒక్కరైనా దాని జోలికి పోలేదు. అందరూ చిలకలే, చిలకలే!" వ్యాకరణమంతా మరిచిపోయి మామూలు మనిషిలా మాట్లాడేశారు. రుమాలుతో కళ్ళద్దుకుని, జేబులోంచి భూతద్దం తీశారు.

ఆయన తనిఖీకి ఒక పద్ధతుంది. పుటని అంగుళం అంగుళం గళ్ళుగా చేసుకుని ఒక్కో గడినీ అద్దంలోంచి చూస్తారు. పుట మొత్తాన్ని ఒకేసారి చూడడం ఏ అనుబంధంలోనూ లేదు. "ఆహా, ఈ 'గూ' చూడండి, కొమ్ము ఎంత నున్నగా తిరిగిందో! ఈ 'ప' కింద ర వత్తు, ఎక్కడా చెదరలేదు. ఈ వలయం! ఈ అలలు!" గూడపాటి ప్రసన్న పేరంతా అలా అక్షరం అక్షరం మెచ్చుకుంటూ పోయారు. పేరు మాత్రం చదవలేదు. అది ఏ కాగితమో అసలే చూడలేదు.

మూడు ప్రతులూ సంతకానికి వెళ్ళాయి. తహసీల్దారు గారు సంతకాలు పెట్టే తీరు అందరికీ తెలిసిందే. అటెండరు కట్టలోంచి ఒక్కో కాగితానికీ కింది మూల ఎత్తి పడతాడు, ఆవిడ ఆ మూల మీద గీకేస్తారు. కాగితం పైభాగం ఏముందో ఆవిడకి అక్కర్లేదు. మొదటిది అయింది, రెండోది అయింది. మూడోదాని దగ్గర పెన్ను ఆగింది. ఎందుకో కాగితాన్ని పూర్తిగా బయటికి లాగి చదివారు. తలెత్తి అరుగు మీద ఉన్న నూకరత్నాన్ని చూశారు.

"ఇది నేను శనివారం మంజూరు చేసిందే కదూ?" అన్నారు మెల్లగా.

"అవునండీ."

ఆవిడ సంతకం చేసి, "ముద్ర సరిగ్గా కొట్టవయ్యా, వలయం గుండ్రంగా పడాలి" అని అటెండర్ని కసిరారు.

ఒక ప్రతి వైకుంఠరావు గారు స్వయంగా జిల్లా ఫైల్లో పెట్టుకున్నారు. ఒకటి మండలం ఫైల్లోకి పోయింది. మూడోది యంత్రము నివసించు గృహంలో ఉండవలసింది. అతిథులిద్దరికీ కొబ్బరినీళ్ళు ఇస్తూ మంగతాయారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అన్నవరం దొడ్డిదారిన చుట్టూ తిరిగి అరుగు దగ్గరికొచ్చాడు. ఫైల్లో ఒక కాగితం తక్కువ పడుతుందని ఆయనకి బాగా తెలుసు. అయినా కాగితం ఇచ్చేశాడు.

"పరిగెత్తమ్మా, పరిగెత్తు!"

నూకరత్నం దాన్ని రెండు చేతులతో అందుకుని, కొంగులో చుట్టి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది. బస్సు అందింది. నాలుగుంబావుకి ప్రసన్న కాగితాలు చూశారు. సీటు వచ్చింది.

ఒకసారి దారి పడ్డాక ఆగుతుందా! మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి అన్నవరం చిలక బొమ్మ తీయబోయి, ఆగి, మంజూరై మూలుగుతున్న అర్జీల కట్టలోంచి ఒకటి లాగాడు. పదకొండింటికి ఇంకొకటి. రోజుకి నాలుగు. ఆకాశమంతా నీలం పొయ్యక్కర్లేదు గనక సిరా చిలకకి పట్టే దాంట్లో పావు వంతే పట్టింది, అంకెలు అంకెల్లాగే ఉన్నాయి, పరీక్షలు వేళ తప్పలేదు. రెండు వారాల్లో కొత్తలంకలో యాభై మూడు పాత అర్జీలు తీరిపోయాయి. ఇంతలో జిల్లాలో మిగతా అరవై ఒక్క ప్రింటర్లూ చిలకలు వేసీ వేసీ ఖాళీ అయ్యాయి. ఖాళీ అయి ఊరుకున్నందుకు ఎండాయి, ఎండినందుకు పూడుకుపోయాయి. వైకుంఠరావు గారి సొంత కార్యాలయంలో, ఆదర్శ యంత్రమని అద్దాల పెట్టెలో పెట్టి పూజ చేస్తున్న ప్రింటరు అన్నిటికన్నా ముందు పూడుకుపోయింది.

నెలాఖరు సమీక్షలో చిలకలు లెక్కపెడుతుంటే కొత్తలంక నుంచి రెండు వారాలుగా ఒక్క చిలకా రాలేదని బయటపడింది. పుటలు వచ్చాయి, చిలకలు లేవు. ఎవరో గుమస్తా ఆ పుటల్ని తీసి, భూతద్దం లేకుండా, మామూలు కళ్ళతో చదివాడు. ఇక చూసుకోండి!

సంజాయిషీ నోటీసు వారం తిరక్కుండా వచ్చింది. జిల్లా కార్యాలయంలో నడిచే ప్రింటరు లేదు గనక చేత్తో రాసి పంపారు. చేతిరాత చెల్లదు గనక కింద ఒక సూచన చేశారు. 'ఇందలి విషయమును మీ యంత్రముపై ముద్రించుకొని, మీకు మీరే అందజేసుకొని, అందినట్లు సంతకము చేసి పంపవలెను.'

అన్నవరం దాన్ని టైపు చేసుకున్నాడు. సరిగ్గా రెండింటికి ప్రింటు తీశాడు. ఒక్క చార లేదు. అప్పటికే నూకరత్నం ఆకులో కొబ్బరి లౌజు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. ప్రసన్న ఆ ఉదయమే హాస్టల్లో చేరిందిట. కూతురు తెల్లకోటు వేసుకుని తీయించుకున్న ఫొటోని ఫోన్లో మంగతాయారుకి చూపిస్తోంది. అన్నవరం మొహం చూసి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"ఏటండీ బాబుగారూ? ఏటొచ్చింది?"

"నోటీసమ్మా. చదువుతాను, వినండి" అని కళ్ళజోడు సవరించుకున్నాడు. "'శ్రీ పిండిప్రోలు అన్నవరం, జూనియర్ అసిస్టెంటు, తమకు అప్పగించిన యంత్రమును శిరోరక్షణకు మాత్రమే వినియోగించక, గూడపాటి ప్రసన్న మొదలుకొని యాభై నలుగురు పౌరులకు ధ్రువపత్రములు ముద్రించి ఇచ్చినారనియు, తద్వారా సదరు పౌరులకు పనులు జరిగిపోయినవనియు ప్రాథమిక విచారణలో నిస్సందేహముగా రుజువైనది. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'"

నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నా మూలంగా మీకెంత కట్టమొచ్చిందండీ! నే రాకపోయినా బాగుణ్ణు!"

అన్నవరం వినలేదు. ఆ కాగితాన్నే అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కింద సంతకం చేశాడు. మూడు ప్రతుల్లో రెండు జిల్లాకీ మండలానికీ కవర్లలో పెట్టి, మూడోది చేతిలోనే ఉంచుకున్నాడు. వెలుగులోకి తీసుకెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చదువుకున్నాడు. నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నూకరత్నమ్మా, ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. ఇంక్రిమెంట్లు ఇచ్చారు, బదిలీలు ఇచ్చారు. కానీ నావల్ల ఎవరికైనా పని జరిగిందని గవర్నమెంటు కాగితం మీద రాసివ్వడం ఇదే మొదటిసారి" అన్నాడు. "ఏమే తాయారూ, మేకు ఎక్కడుంది?"